కాళ్ల నొప్పికి ఇరవై ప్రశ్నలెందుకు?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. జూట్ మిల్లులో 20 ఏళ్లుగా నిలబడి చేసే పని. రెండు పిక్కల మీదా నరాలు ఉబ్బాయి, సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతాయి. విజయనగరంలో డాప్లర్ స్కాన్ చేయించిన డాక్టరుగారు ఇరవై ప్రశ్నల కాగితం ఇచ్చి, నింపి తెమ్మన్నారు. నిద్ర పడుతోందా, ఇతరులకు భారమయ్యాననిపిస్తోందా అని అందులో అడిగారు. స్కాన్‌లో అంతా తెలిశాక ఇవన్నీ దేనికి?
– ఒక పాఠకురాలు, నెల్లిమర్ల

జవాబు: అమ్మా, ఏ సిరలో (మీరు నరం అన్నది దీన్నే) రక్తాన్ని వెనక్కి జారనీయని కవాటం సరిగా మూసుకోక రక్తం కిందికి జారి నిలిచిపోతోందో డాప్లర్ చెబుతుంది. ఆ కాలితో మీరు రోజు ఎలా గడుపుతున్నారో చెప్పడం దానికి చేతకాదు. పిక్కల మీద సిరలు తాళ్లలా మెలికలు తిరిగినా ఏ ఇబ్బందీ లేనివారున్నారు. పైకి అంతగా కనిపించకపోయినా అర్ధరాత్రి పిక్క పట్టేసి లేచి కూర్చునేవారూ ఉన్నారు. కంటికి కనిపించేదాన్ని వైద్యులు 1994లో రూపొందిన ‘సీప్’ వర్గీకరణతో మెట్లుగా గుర్తిస్తారు. అందులో రెండో మెట్టు ఉబ్బిన సిరలు, మూడోది వాపు, నాలుగోది చర్మం రంగు మారి గట్టిపడటం, ఆరోది మానని పుండు. మీరు పడే ఇబ్బందిని మాత్రం మీరే చెప్పాలి.

మీరు రాసినదాన్ని బట్టి ఆ కాగితం ఫ్రాన్స్‌లో తయారై 1996లో వెలువడిన ‘సివిక్’ ప్రశ్నావళి కావచ్చు. అది గడిచిన నాలుగు వారాల గురించే అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 5 వరకు అంకె వేస్తే మొత్తం 20కీ 100కీ మధ్య వస్తుంది. అంకె పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువని అర్థం. నొప్పి, శరీర శ్రమ, మనసు, నలుగురిలో తిరగడం అనే నాలుగు వైపుల నుంచీ అది చూస్తుంది.

ప్రశ్నలు పరాయి దేశంలో పుట్టినవి కనుక మన బతుక్కి అన్వయించుకుని జవాబివ్వండి. అంతస్తులు ఎక్కడం గురించి అడిగితే, మీది మేడ కాకపోయినా రామతీర్థం కొండ మెట్లు తలచుకోండి. గొంతుకూర్చోవడమంటే పొద్దున వాకిట్లో ముగ్గు వేయడమే. వేడుకలకు వెళ్లడమంటే, సిరిమానోత్సవం నాడు జనంలో గంటల తరబడి నిలబడలేక ఇంట్లోనే ఉండిపోయారా అన్నది కూడా అందులోకి వస్తుంది.

ఇక్కడే నాకొక దిగులుంది. సాయంత్రం పట్టీలు విప్పితే చీలమండ పైన గాడి పడి ఉంటుంది, బొటనవేలితో నొక్కితే గుంట అలాగే నిలుస్తుంది, అయినా అడిగినవాళ్లకు ‘ఏం లేదు’ అని చెప్పి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ గిన్నెలు తోమే తల్లులు మన ఇళ్లలో ఎందరో. ఆ ‘ఏం లేదు’ కాగితం మీద 1గా మారితే, వైద్యం అక్కర్లేదని మీరే రాసిచ్చినట్టు అవుతుంది. అబ్బాయి చేతో కోడలి చేతో నింపించకండి. చదవడం కష్టమైతే నర్సు చదువుతుండగా మీ నోటితో మీరే అంకె చెప్పండి. భారమయ్యాననే ప్రశ్న మొదలు సిగ్గుతో దాటవేసే ప్రశ్నలన్నీ అప్పుడే నిజంగా బయటికి వస్తాయి.

మరొక మాట. మన వాడుకలో సిరనూ నరమనే అంటాం కాబట్టి చాలామంది నరాల డాక్టరు దగ్గరికి వెళ్లి తిరిగొస్తారు. ఇది రక్తనాళాల నిపుణులు చూసే జబ్బు. ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పుట్టినా, ఉబ్బిన సిర చిట్లి రక్తం కారినా, ప్రశ్నావళి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

బిగుతు మేజోళ్లు వాడినా, చెడిన సిరను మూసేసే లేజర్ చికిత్స చేయించుకున్నా, కొన్ని నెలలకు అదే కాగితం మళ్లీ నింపమంటారు. సిర మూసుకుపోయిందని స్కాన్ చెప్పినా మీ అంకె తగ్గకపోతే, నొప్పికి ఇంకేదైనా కారణం ఉందేమోనని వెతకాలి. మోకీళ్ల అరుగుదల అలా దాగి ఉండవచ్చు. అందుకే ఇప్పుడు నింపిన కాగితానికి ఒక జిరాక్స్ తీసి, స్కాన్ రిపోర్టుతో పాటు దాచుకోండి.