ఐదో ఫౌల్‌కి ఆటగాణ్ని బయటికి పంపితే కోచ్ గొడవకు దిగుతున్నాడు, ఏం చేయాలి?

"మావాడికి నాలుగే, ఐదు కాలేదు" అని కోచ్ మీదికొస్తే కొత్త రిఫరీ ఏం చేయాలని అడిగారు. పదకొండేళ్లుగా స్కూల్, జిల్లా బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు ఆడిస్తున్నాను. ఒకసారి తప్పు మాదే అయింది.

అండర్-17 సెమీఫైనల్. స్కోర్‌షీట్ రాసే కుర్రాడు ఎనిమిదో నంబర్ ఫౌల్‌ని తొమ్మిదో నంబర్ వరుసలో వేశాడు. దాంతో ఎనిమిదికి ఐదో ఫౌల్ అయినా షీట్‌లో నాలుగే. వాడు ఆడుతూ ఒక బాస్కెట్ కూడా వేశాడు. అవతలి కోచ్, ఒక పీఈటీ సార్, తన నోట్‌బుక్‌లో లెక్క రాసుకుంటున్నారట, టేబుల్ దగ్గరికి వచ్చేశారు. నేనూ, పార్ట్‌నరూ (రెండో రిఫరీ) గుర్తుచేసుకుని షీట్ సరిచేశాం. ఎనిమిది బయటికి, కానీ వేసిన బాస్కెట్ మాత్రం చెల్లుతుంది. "ఐదు ఫౌల్స్ అయినవాడి పాయింట్లు ఎలా ఇస్తారు సార్?" అన్నారాయన. నేను రూల్ వివరించడం మొదలుపెట్టాను. ఒక మాటకి రెండు ప్రశ్నలు. చివరికి పార్ట్‌నర్ వచ్చి, "సార్, పొరపాటు మాదే. బాస్కెట్ ఉంటుంది. ఆట మొదలుపెడదాం" అన్నాడు. ఆయన గొణుక్కుంటూ వెళ్లి కూర్చున్నారు.

అప్పట్నుంచి నా పద్ధతి ఇదీ. స్కోరర్ టేబుల్ మీద ఐదో ఫౌల్‌కి చూపే ఎర్ర ఐదు పలక లేవగానే నంబర్ మళ్లీ ఒకసారి అడిగి ఖాయం చేసుకుంటాను. ఆటగాడికి చెప్తాను. ఫౌల్ నేను ఇచ్చి ఉంటే కోచ్ దగ్గరికి నేను వెళ్లను, పార్ట్‌నర్ వెళ్తాడు. నన్ను చూస్తేనే ఆయనకి మంట కదా. "సార్, ఎనిమిది, ఐదో ఫౌల్. సబ్ ఇవ్వండి." అంతే. ఫౌల్ ఎందుకిచ్చామన్నది ఆ నిమిషంలో ఎత్తకూడదు. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్ ప్రకారం సబ్‌ని, అంటే బదులు ఆటగాణ్ని, దింపడానికి 30 సెకన్లే. ఇంకా అరుస్తుంటే ఒక్కసారి "విన్నాను సార్, ఇక చాలు" అంటాను. అప్పటికీ ఆపకపోతే టెక్నికల్, అంటే ప్రవర్తనకి వేసే ఫౌల్. తన ప్రవర్తనకే రెండు పడితే కోచ్ కూడా వెళ్లిపోవాల్సిందే.

ఇంకోటి, చాలామంది కలిపేస్తారు. ఐదు ఫౌల్స్ అయినవాడు బెంచ్ మీద కూర్చుని చప్పట్లు కొట్టుకోవచ్చు. డిస్‌క్వాలిఫై అయినవాడు అలా కాదు, డ్రెస్సింగ్ రూమ్‌లోనే ఉండాలి, లేదంటే ఆవరణ దాటి వెళ్లాలి. కొట్లాట లాంటి వాటికి నేరుగా పంపేస్తాం. రెండు టెక్నికల్స్ అయినా, రెండు అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ (క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ఫౌల్స్) అయినా, అదొకటి ఇదొకటి అయినా అంతే. మన గ్రౌండ్లలో డ్రెస్సింగ్ రూమ్ ఎక్కడిది! గేటు బయటికి పంపితే ఒకడు ప్రహరీ ఎక్కి కూర్చుని అక్కణ్నుంచి నా మీద కామెంట్రీ. ఆట ఆపి, వాళ్ల సార్‌నే పంపి దింపించాను.

"ఎన్‌బీఏలో (అమెరికా లీగ్) ఆరు ఫౌల్స్ కదా సార్" అనేవాళ్లు ప్రతి టోర్నమెంట్‌లో ఒకరైనా ఉంటారు. వాళ్లకి నా జవాబు: "అక్కడ ఆట 48 నిమిషాలు, ఇక్కడ 40. సబ్ ఇవ్వండి సార్."