ఇటలీలో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బియెనాలేలో ఒక దేశం తరఫున పాల్గొనాలంటే ఆ దేశ పౌరసత్వం ఉండాలా?

అక్కర్లేదు, బియెనాలే అలాంటి నిబంధనేమీ పెట్టదు. జాతీయ పెవిలియన్, అంటే ఒక దేశం తన ప్రదర్శన పెట్టే చోటు, దాని బాధ్యత ఆయా దేశాలదే. ఆ దేశం నియమించిన కమిషనరో, ప్రదర్శనను రూపొందించే క్యురేటరో కళాకారులను ఎంపిక చేస్తారు. కొన్ని దేశాలు సొంతంగా షరతులు పెట్టుకుంటే అది వేరే సంగతి.

1993లో జర్మనీ పెవిలియన్‌నే చూడండి. అందులో ఇద్దరు కళాకారులు: సియోల్‌లో పుట్టి, అమెరికా పౌరుడై, జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ ఆర్ట్ అకాడమీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన నామ్ జున్ పైక్ ఒకరు. ఇంకొకరు హాన్స్ హాకే. పుట్టింది జర్మనీలోనే అయినా ఉండేది న్యూయార్క్‌లో. హాకే పెవిలియన్ లోపలి పాలరాతి నేలను పగలగొట్టించి ఆ ముక్కలనే ప్రదర్శనగా మలిచాడు. ఉత్తమ జాతీయ పెవిలియన్‌గా బియెనాలే ఇచ్చే గోల్డెన్ లయన్ పురస్కారం ఆ ఏడాది జర్మనీకే వచ్చింది.

చాలామంది దీన్ని ఒలింపిక్స్ లెక్కన చూసి, పాస్‌పోర్టు తప్పనిసరి అనుకుంటారు. అక్కడ ఆటగాడికి పౌరసత్వం ఉండి తీరాలి, ఇక్కడ ఆహ్వానం చాలు.