రెండంగుళాలు ఎత్తించిన వీ-క్రాస్‌కు ఏ టైర్లు, ఏ రిమ్ములు?

పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువులకు మేత తోలే ఇసుజు వీ-క్రాస్ పికప్ బండిని రెండంగుళాలు ఎత్తించానని, ఇప్పుడు దానికి 285/70 ఆర్17 మడ్ టెరైన్ (బురద కోసం లోతైన గాడులున్న) టైర్లు, తొమ్మిదంగుళాల వెడల్పు, మైనస్ 12 ఆఫ్‌సెట్ ఉన్న అలాయ్ రిమ్ములు వేయించవచ్చా అని మీరు అడిగారు. 285/70 ఆర్17 అంటే టైరు వెడల్పు 285 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 17 అంగుళాలు. ఆఫ్‌సెట్ అంటే హబ్బుకు బిగించే ముఖం రిమ్ము మధ్యగీతకు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పే అంకె; అది తగ్గి మైనస్ అయినకొద్దీ చక్రం బయటకు జరుగుతుంది. ఇంచుమించు ఇదే అమరికతో నేను రాజోలు వైపు దాదాపు రెండేళ్లు బండి నడిపి, తరువాత విప్పించేశాను. మీ పనికి 265/70 ఆర్17 ఆల్ టెరైన్ (తారుకు, మట్టికి రెంటికీ పనికివచ్చే) టైరు, ఎనిమిదంగుళాల రిమ్ము, ప్లస్ 25కు దగ్గరగా ఉండే ఆఫ్‌సెట్ సరిపోతాయని నా అభిప్రాయం. కారణాలు వివరంగా చెబుతాను.

బండిని ఎత్తించే లిఫ్ట్ కిట్ వల్ల ఛాసిస్ లేస్తుందే తప్ప, వెనుక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల గుండు) ఒక్క మిల్లీమీటరు కూడా పైకి రాదు. పుంత రోడ్డులో ట్రాక్టర్లు తొక్కిన గాడి మధ్య మెరకకు ముందుగా తగిలేది అదే. దాన్ని లేపగలిగింది టైరు ఎత్తు ఒక్కటే. అందుకే పెద్ద టైరు కావాలనుకోవడంలో మీ ఆలోచన సరైనదే. కంపెనీ 255/60 ఆర్18 టైరు వ్యాసం సుమారు 763 మిల్లీమీటర్లు, 265/70 ఆర్17 వ్యాసం 803, మీరడిగిన 285/70 ఆర్17 వ్యాసం 831. పెరిగిన వ్యాసంలో సగమే నేలనుంచి ఎత్తుగా లభిస్తుంది కనుక, 265తో 20, 285తో 34 మిల్లీమీటర్లు వస్తాయి. ఆ అదనపు 14 మిల్లీమీటర్ల కోసం చెల్లించే మూల్యం మాత్రం పెద్దది. 831 టైరుతో మీటరు 80 చూపుతున్నప్పుడు బండి నిజానికి 87లో పోతుంటుంది. మేత బస్తాలతో గట్టు ఎక్కేటప్పుడు మొదటి గేరు చాలక క్లచ్ మీద భారం పడుతుంది. నేను పాత చక్రాన్ని, కొత్తదాన్ని చెరువు దగ్గరి రొయ్యల కాటా మీద పెట్టి తూచి చూశాను. ఒక్కో చక్రానికి పది కిలోలు పెరిగింది. బ్రేకు కొట్టినప్పుడు ఆ తేడా కాలికి స్పష్టంగా తెలిసేది.

ఎత్తు సంగతి అలా ఉంచితే, మన డెల్టాలో నేను అంతకంటే ముఖ్యంగా చూడమని చెప్పేది ఆఫ్‌సెట్. రిమ్ము లోపలివైపు ఈటీ అనే అక్షరాల పక్కన ఉండే అంకె అది. పాత రిమ్ము ఏడున్నర అంగుళాల వెడల్పు, ప్లస్ 33 అనుకుంటే, మీరడిగిన తొమ్మిదంగుళాల మైనస్ 12 రిమ్ము బయటి అంచు ఒక్కోవైపు ఆరు సెంటీమీటర్లకు పైగా బయటకు వస్తుంది. విశాలమైన మెట్ట నేలలో దీనివల్ల బండికి నిలకడ వస్తుందేమో గాని, కాలువ గట్టు మీద ఎదురుబండికి దారి ఇస్తున్నప్పుడు ఆ ఆరు సెంటీమీటర్లే మన ప్రాణం. కొబ్బరికాయల లారీకి దారి ఇవ్వబోయి ఒక తూము గోడ మొనకు నేను టైరు ఒరిపించాను. ఫెండరు దాటి బయటకు ఉబికి ఉన్న సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) జానెడు పొడవున చీలి, లోపలి దారాలు తెల్లగా బయటపడ్డాయి. సైడ్‌వాల్ కోతకు ప్యాచ్ వేయరు కనుక టైరు పారేయవలసి వచ్చింది. చక్రం బయటకు జరిగినకొద్దీ హబ్బు బేరింగు మీద ఒత్తిడి పెరుగుతుంది. నా బండికి ముందు బేరింగులు రెండేళ్లలోపే మూలగడం మొదలుపెట్టాయి.

ఎనిమిదంగుళాలు, ప్లస్ 25 తీసుకుంటే లోపలి అంచు దాదాపు పాత చోటనే ఉంటుంది, బయటి అంచు మాత్రం సెంటీమీటరున్నర వరకు జరుగుతుంది. ఆరు నట్లు, 139.7 పీసీడీ (నట్ల రంధ్రాల మధ్యగా పోయే వలయం వ్యాసం, మిల్లీమీటర్లలో) సరిపోవడంతో పాటు, హబ్బు రంధ్రం కొలత, నట్టు కూర్చునే చోటు ఆకారం కూడా సరిపోవాలి. స్పోకుల మధ్య సందులు వెడల్పుగా ఉన్న రిమ్మునే ఎంచుకోండి. రేగడి మట్టి రిమ్ము లోపల పేరుకొని ఎండితే, 216వ జాతీయ రహదారి మీద 70 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. అది బ్యాలెన్సింగ్ లోపమని పొరబడి నేను రెండుసార్లు డబ్బు ఖర్చు పెట్టాను. బోదె నీళ్లతో కడిగితే పోయేది.

తడి రేగడిలో ఆల్ టెరైన్ గాడులు పూడుకుపోయి టైరు నున్నగా మారుతుందన్నది నిజం, ఆ ఒక్కచోట మడ్ టెరైన్ మేలు. అయితే మీ ప్రయాణంలో ఎక్కువ భాగం తారు రోడ్డే అయి ఉంటుంది. వానలో తారు మీద బ్రేకు పట్టడం ముఖ్యం కనుక నేను ఆల్ టెరైన్ వైపే మొగ్గుతాను. టైరు మీద లోడ్ ఇండెక్స్ (మోయగల బరువును సూచించే అంకె) పాతదానికంటే తగ్గకూడదు. 112 అంటే ఒక్కో టైరు 1120 కిలోలు మోస్తుంది.

డబ్బు మొత్తం ఇవ్వకముందే ఒక పరీక్ష చేయించండి. ఒక్క ముందు చక్రం మాత్రం బిగించి, చక్రపు గూడు లోపలివైపంతా తడిచేసి ముగ్గుపిండి పూయండి. బస్తాలు ఎక్కించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఆ చక్రాన్ని నెమ్మదిగా గట్టు వాలు మీదికి ఎక్కించండి. ముగ్గు చెరిగిన చోటే టైరు తగిలే చోటు. నా పాత అమరికతో మడ్ ఫ్లాప్ ముందు అరచేయంత మేర చెరిగిపోయింది.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని, కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి లిఫ్ట్ విషయం, టైర్ల విషయం రవాణా కార్యాలయంలోను, బీమా సంస్థలోను ముందే లిఖితపూర్వకంగా అడగండి.

స్టెప్నీ కోసం అయిదో టైరు కూడా అదే కొలతలో కొనండి. ఫోర్ వీల్ డ్రైవ్ వేసినప్పుడు చక్రాల వ్యాసాలు వేరైతే, ముందు వెనుక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. 265/70 టైరు ట్రాలీ కింద పాత చోట పడుతుందో లేదో కొట్టు దగ్గరే ఎక్కించి చూడండి. బిగించిన తరువాత వంద కిలోమీటర్లకు ఒకసారి నట్లన్నీ టార్క్ రెంచితో మళ్లీ సరిచూడమని మెకానిక్‌కు చెప్పండి.