అమ్మమ్మ సంగతి ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఒంగోలు. నాన్న ఆర్టీసీలో కండక్టరు, అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. బైపీసీ చదివి రెండుసార్లు నీట్ రాశాను, సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. ఈ ఏడాది సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాస్తే రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ఢిల్లీ విశ్వవిద్యాలయం కింద ఒక మహిళా కళాశాలలో బి.ఏ. ఆనర్స్ సైకాలజీ. రెండోది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ హెల్త్ సైకాలజీ. ఢిల్లీ పేరు ఉంటే ఎక్కడికి వెళ్ళినా విలువ ఉంటుందని మా లెక్చరర్లు అంటున్నారు. అన్నయ్య మియాపూర్‌లో ఉంటాడు కాబట్టి హైదరాబాదే మేలని అమ్మ అంటోంది. పిచ్చివాళ్ళ చదువు ఎందుకు, అంతగా కావాలంటే ఇంట్లో ఉండి దూరవిద్యలో చదువుకోమని పెదనాన్న. నాకు క్లినికల్ సైకాలజిస్టు కావాలని ఉంది. హిందీ అర్థమవుతుంది కానీ సరిగ్గా మాట్లాడలేను. మా అమ్మమ్మ సుగర్ మాత్రలు వేసుకోకుండా దిండు గలీబులో దాచిపెడుతుంది, కాలి వేలు తీసేశాక కూడా మారలేదు, ఆవిడను చూసే నాకు ఈ సబ్జెక్టు మీద ఆసక్తి కలిగింది. ఫీజు కట్టడానికి ఇంకా తొమ్మిది రోజులే గడువు ఉంది. ఏది ఎంచుకోవాలో చెప్పగలరు.
– పేరు వేయవద్దని కోరిన విద్యార్థిని, ఒంగోలు

జవాబు: అమ్మా, నీ ఉత్తరం మూడు పేజీలు. చోటు చాలక ఇక్కడ కుదించి వేశాము. అందులో రెండున్నర పేజీలు ర్యాంకులు, కటాఫ్‌లు, ఎవరు ఏమన్నారు అన్నదే. అమ్మమ్మ గురించి మాత్రం ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. కాసేపట్లో మళ్ళీ అక్కడికే వస్తాను.

ముందు నీ కోరిక సంగతి తేల్చుకుందాం. ఈ రెండు పట్టాల్లో ఏదీ దానంతట అది నిన్ను క్లినికల్ సైకాలజిస్టును చేయదు. ఆ మాటకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో నిర్వచనం ఉంది. భారత పునరావాస మండలి, అంటే అందరూ ఆర్‌సీఐ అనే సంస్థ, ఆమోదించిన శిక్షణ పూర్తి చేయాలి. ఆ మండలి రిజిస్టరులో పేరు ఎక్కాలి. ఇంతకాలం ఎక్కువ మంది వెళ్ళిన దారి సైకాలజీలో పీజీ, ఆ తరువాత ఆస్పత్రిలో రెండేళ్ళ ఎం.ఫిల్. ఆ దారి ఇప్పుడు మారిపోతోంది. ఎం.ఫిల్. పట్టాను విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అంటే యూజీసీ, 2022లో నిలిపివేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 వరకు ప్రవేశాలు జరుపుకోవచ్చని తరువాత వెసులుబాటు ఇచ్చింది. ఈలోగా ఆర్‌సీఐ క్లినికల్ సైకాలజీలోనే నాలుగేళ్ళ బీఎస్సీ ఆనర్స్, రెండేళ్ళ ఎం.ఏ., ఆ పైన సై.డి. అనే డాక్టరేటు ప్రవేశపెట్టింది. కాబట్టి 'మా అక్క ఎం.ఫిల్. చేసి స్థిరపడింది, నువ్వూ అలాగే చెయ్యి' అని ఎవరైనా చెబితే విని ఊరుకో. వాళ్ళు నడిచిన దారి నీ వంతు వచ్చేసరికి ఉండకపోవచ్చు. ఏ సంస్థలో ఏ కోర్సుకు ఏ సంవత్సరం వరకు ఆమోదం ఉందో ఆర్‌సీఐ వెబ్‌సైటులో ఉంటుంది. ఏడాదికి ఒకసారైనా నువ్వే చూసుకో.

దూరవిద్య మాట మరిచిపో. 2025 జులై-ఆగస్టు నుంచి మొదలయ్యే ప్రవేశాల్లో సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపవద్దని యూజీసీ విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. పెదనాన్నకు ఆ కబురు చెప్పు. ఆయన అన్న మాటకు నొచ్చుకోకు. నేను వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివిన రోజుల్లో మా విభాగం పేరు సైకాలజీ అండ్ పారాసైకాలజీ. పారాసైకాలజీ అంటే టెలిపతి వంటి అతీంద్రియ అనుభవాలను పరిశీలించే శాఖ. అమెరికాలో ఆ పరిశోధనలకు పేరుపొందిన జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన కె. రామకృష్ణారావు గారు 1960లలో నెలకొల్పిన విభాగం అది. పెళ్ళిళ్ళలో కనబడిన బంధువులు 'అమ్మాయికి దయ్యాల చదువు చెప్పిస్తున్నావటగా' అని మా నాన్నను పట్టుకుని అడిగేవారు. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. నెల నెలా అయిదో తారీఖుకల్లా మనియార్డరు పంపారు, అంతే.

ఎంపికలో దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలో నాకు తెలిసింది తరగతి గదిలో కాదమ్మా. చదువు అయ్యాక శిక్షణ కోసం ఒక ఆస్పత్రిలో చేరాను. ఏ ఊరో చెప్పను. నాకు నేర్పవలసిన పెద్దమనిషి మొదటి రోజే ప్రశ్నావళి కట్ట చేతిలో పెట్టి, మూల గది చూపించి, తన పని మీద తాను వెళ్ళిపోయారు. నా ఎదుట కూర్చున్న మొదటి మనిషి పొగాకు గ్రేడింగు పనికి వెళ్ళే ఆవిడ. నలభై ఏళ్ళు ఉంటాయి. గోళ్ళ సందుల్లో పొగాకు మరక ఇంకా పోలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. నేను కాగితం చూసి చదివాను: 'గత రెండు వారాలుగా మీరు విషాదానికి లోనవుతున్నారా?' ఆవిడ నా ముఖంలోకి చూసి 'లేదమ్మా' అంది. 'మీకు నిరాశా భావన కలుగుతోందా?' 'లేదమ్మా.' ఇరవై ఒక్క ప్రశ్నలకూ లేదమ్మా. కూడితే సున్నా వచ్చింది.

మంచినీళ్ళు ఇవ్వడానికి వచ్చిన ఆయా గ్లాసు అందిస్తూ, 'రాత్రిళ్ళు కునుకు పడుతోందా? అన్నం సయిస్తోందా?' అని అడిగింది. అంతే, ఆవిడ కళ్ళు నిండిపోయాయి. 'తెల్లారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. గుండెల మీద తిరగలి పెట్టినట్టు ఉంటుంది. అన్నం ముద్ద గడ్డి నమిలినట్టు ఉంటుంది' అని చెప్పింది. మా పుస్తకంలో ఒక అధ్యాయం నిండా ఉన్న లక్షణాలు ఆ మూడు మాటల్లోకి వచ్చేశాయి. నా కాగితం మీద మాత్రం సున్నా ఉంది. ఆ కాగితం ఎవరికి చూపించాలో నాకు తెలియలేదు. నేను నింపిన కాగితాలు చదివేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఆరు నెలలు అలాగే గడిచాయి.

అందుకే ఏ విశ్వవిద్యాలయం గురించి ఎవరు అడిగినా నేను రెండే ఆరాలు తీస్తాను. విద్యార్థి నిజమైన మనిషి ఎదుట ఎన్నో ఏడాదిలో కూర్చుంటాడు? అప్పుడు రాసిన రికార్డును ఎర్ర పెన్నుతో ఎవరు చదువుతారు? ఈ రెండూ ర్యాంకుల పట్టికల్లో దొరకవు. మూడో ఏడాదో నాలుగో ఏడాదో చదువుతున్న అమ్మాయిని పట్టుకుని అడగాలి. 'మీ ప్రాక్టికల్ రికార్డు చూపించవా' అని అడుగు. మార్జిన్‌లో ఎవరిదైనా చేతిరాత ఉందా, లేక ప్రతి పేజీలో ఒకే సంతకం వరసగా దిగిపోయిందా చూడు. ఒకరి రికార్డు చూసి ఇంకొకరు రాసే అలవాటు ఉన్న చోట ఎంత పేరున్నా నీకు ఒరిగేది తక్కువ.

ఇక ఢిల్లీ. అక్కడి బి.ఏ. ఆనర్స్ గట్టి చదువే. మెదడు, జ్ఞాపకం, పిల్లల ఎదుగుదల, సమాజం, పరిశోధన పద్ధతులు, గణాంకాలు అన్నీ చవి చూస్తావు. పద్దెనిమిదేళ్ళ వయసులో ఏ వైపు మొగ్గుతావో తెలియనివాళ్ళకు ఆ విస్తృతి చాలా మంచిది. 2022 నుంచి అక్కడ నాలుగేళ్ళ పద్ధతి వచ్చింది, మూడేళ్ళకు బయటికి వచ్చే వీలూ ఉంది. ఎలా వచ్చినా పీజీ కోసం మళ్ళీ పరీక్ష రాయాలి, మళ్ళీ సీటు వెతుక్కోవాలి. నీట్ రెండుసార్లు రాసి వచ్చినదానివి, ఆ అలసట ఎలా ఉంటుందో నీకు నేను చెప్పనక్కరలేదు. కళాశాల ఫీజు పెద్ద భారం కాదు. హాస్టలు సీట్లు తక్కువ, దొరకకపోతే బయట గదిలో ఉండాలి. ఆ అద్దె, భోజనం ఫీజు కంటే ఎక్కువవుతాయి. నెలకు ఎంతవుతుందో అక్కడ చదివే తెలుగు పిల్లలను అడిగి, ఆ లెక్క నాన్న ముందు కాగితం మీద పెట్టు. ఒంగోలులో గ్రాండ్ ట్రంక్ ఎక్కితే రెండు రాత్రులు, ఒక పగలు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగా లేదంటే పరుగున రాగలిగే దూరం కాదు.

హిందీ రాదని భయపడవద్దు, ఏడాదిలో వచ్చేస్తుంది. నేను ఆలోచించమనేది వేరే సంగతి. కూరగాయలు కొనే భాష ఏడాదిలో వస్తుంది. 'జీ ఘబ్రాతా హై' అని ఒక మనిషి అన్నప్పుడు అది గుండె దడా, కంగారా, చెప్పుకోలేని దిగులా అని గొంతును బట్టి పోల్చుకోవడానికి చాలా ఏళ్ళు పడుతుంది. తెలుగులో ఆ వినికిడి నీకు పుట్టుకతో వచ్చింది. 'మనసు మనసులో లేదు', 'నరాలు లాగేస్తున్నాయి', 'గాలి సోకింది', 'ఏమీ తోచడం లేదు' – ఇవి నీకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఈ మాటలనూ పాఠ్యపుస్తకంలోని మాటలనూ కలపగలిగే మనుషులు మన దగ్గర ఎంత తక్కువగా ఉన్నారో నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళ్ళే తెలుగువాళ్ళను చూసినా నాకు ఇదే అనిపిస్తుంది.

హైదరాబాదు చదువుకు ఉన్న గుణం, పరిమితి రెండూ దాని పేరులోనే ఉన్నాయి. హెల్త్ సైకాలజీ అంటే జబ్బు చేసిన మనిషి ఆ జబ్బుతో ఎలా బతుకుతున్నాడు అన్న చదువు. డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు వచ్చే మనిషి నాలుగో నెలలో ఎందుకు మానేస్తాడు, గుండెపోటు వచ్చినాయన మళ్ళీ చుట్ట ఎందుకు వెలిగిస్తాడు, డాక్టరు రాసిన మాత్ర ఇంటికి వెళ్ళాక గొంతు ఎందుకు దిగదు. నువ్వు ఈ కోర్సు పేరు చూసి దరఖాస్తు పెట్టావో, ఏదో ఒకటని పెట్టావో నాకు తెలియదు. నీ ఉత్తరంలో నీ సొంత గొంతు వినిపించిన వాక్యం ఒక్కటే, అది ఈ సబ్జెక్టు వాక్యం. పైగా ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పిల్లల బుద్ధి వికాస లోపాల మీద పనిచేస్తున్న జాతీయ సంస్థ, పెద్దాస్పత్రులు అన్నీ ఆ నగరంలోనే ఉన్నాయి. సెలవుల్లో వెళ్ళి అడిగి చూడడానికి తలుపులు దగ్గరగా ఉంటాయి.

నా మాట హైదరాబాదు. అన్నయ్య ఉన్నాడని కాదు. క్యాంపస్‌లో హాస్టలు దొరికితే హాస్టల్లోనే ఉండు. మియాపూర్‌లో అన్నయ్య గదిలో ఉంటే వంట నీ మీద పడుతుంది, ఆ సంగతి మీ అమ్మకు నేను చెప్పానని చెప్పు.

ఫీజు కట్టే ముందు ఒక పని చెయ్యి. పట్టా మీద 'హెల్త్ సైకాలజీ' అని ఉంటుంది కదా, ఆర్‌సీఐ ఆమోదించిన క్లినికల్ కోర్సుల ప్రవేశానికి దాన్ని సైకాలజీ పీజీగా పరిగణిస్తారా అని ఆ విభాగానికి ఈమెయిలు రాయి. ఫోనులో విన్న జవాబుతో సరిపెట్టుకోకు, రాతలో తీసుకో. నువ్వు తరువాత చేరాలనుకునే సంస్థకూ అదే ప్రశ్న పంపు. ఇక్కడ అడ్డంకి ఉందని తేలితే నా సలహా మారుతుంది, ఢిల్లీ వెళ్ళు. పిల్లల మనస్తత్వమో, జ్ఞాపకశక్తి మీద పరిశోధనో నిన్ను ఎక్కువగా లాగుతోందని నీకే అనిపించినా ఢిల్లీయే సరి.

ఇప్పుడు అమ్మమ్మ. ముందు ఆవిడను చూసే డాక్టరుకు మాత్రలు దాస్తున్న సంగతి మీ అమ్మ చేత ఈ వారమే చెప్పించు. వేసుకుంటోంది అనుకుని ఆయన మోతాదు పెంచుతూ పోతే, ఏదో ఒక రోజు ఆవిడ నిజంగానే అన్నీ మింగితే ప్రమాదం.

తరువాత, ఈ తొమ్మిది రోజుల్లో ఒక పూట ఆవిడ మంచం పక్కన కూర్చో. 'మాత్ర ఎందుకు వేసుకోవు' అని అడగకు. ఆ ప్రశ్న అందరి నోటా విని విని ఆవిడకు విసుగు పుట్టి ఉంటుంది. మొట్టమొదట మాత్ర దాచిన రోజు ఏమి జరిగిందో అడుగు. కళ్ళు తిరిగి పడబోయిందేమో. ఒకసారి మొదలుపెడితే కాటికి పోయేదాకా వదలవని పక్కింటావిడ చెప్పిందేమో. మందుల చీటీ చూసి మీ నాన్న జేబు తడుముకోవడం ఆవిడ కంట పడిందేమో. నువ్వు ఊహించకు, నేను ఊహించినవి కూడా ఆవిడ ముందు అనకు. ఆవిడ ఏ మాట వాడితే ఆ మాటే రాసుకో, ఒక్క అక్షరం సరిదిద్దకు. ఎక్కడ ఆగిందో, ఎక్కడ ముఖం తిప్పుకుందో పక్కన గుర్తు పెట్టు.

ఫీజు కట్టి వచ్చాక ఆ కాగితం నకలు పత్రిక చిరునామాకు పంపు. నేను చదువుతాను.