పాత ట్రయంఫ్ కొనేముందు ఇంజను సంగతి తేల్చుకో

చి. అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. 1958 ట్రయంఫ్ టీఆర్3ఏ, ఇంగ్లండు స్పోర్ట్స్ కారు, మద్రాసు రిజిస్ట్రేషను, ఇప్పుడు బెంగళూరు మల్లేశ్వరంలో ఒకాయన షెడ్డులో ఉంది. బండి ముచ్చటగానే ఉంది, ఆ ఎరుపు రంగే కాస్త ఎక్కువైంది. అమ్మే ఆయన "ఒరిజినల్ ఇంజను, నంబర్లు మ్యాచింగ్" అంటున్నాడనీ, అంటే ఫ్యాక్టరీలో బిగించిన ఇంజనే ఇంకా ఉందంటున్నాడనీ, అందుకే అంత రేటు చెబుతున్నాడనీ రాశావు. ఇన్నేళ్లూ ఇక్కడ చెన్నైలో జీపీ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో, పుదుప్పేట పాత సామాన్ల మధ్య తిరిగినవాణ్ణి కదా, మద్రాసు టీఆర్ అనగానే నాకు ముందు ఒక అనుమానం వస్తుంది.

ఆ ఇంజను స్పోర్ట్స్ కారు కోసం పుట్టింది కాదు. ట్రయంఫ్‌ని కొనుక్కున్న స్టాండర్డ్ కంపెనీ తన వాన్‌గార్డ్ కారు ఇంజనునే మార్చి, రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు తగిలించి టీఆర్‌లో పెట్టింది. ఫెర్గూసన్ ట్రాక్టరులో ఉన్నదీ ఆ కుటుంబానిదే. ఆ వాన్‌గార్డ్‌ని 1950ల్లో మన మద్రాసులోనే స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు బిగించి అమ్మారు. దిగుమతి అంటే లైసెన్సుల తలనొప్పి ఉన్న కాలంలో టీఆర్ బ్లాకు, అంటే సిలిండర్లుండే ఇంజను దిమ్మ, పగిలితే ఎవరైనా ఏం చేస్తారు? ఊళ్లో దొరికే వాన్‌గార్డ్ బ్లాకు తెచ్చి పెట్టుకుంటారు. పాత హెడ్, పాత కార్బ్యురేటర్లు మళ్లీ దానిమీదే ఎక్కిస్తే, పెయింటు వేశాక పైనుంచి చూసి చెప్పడం కష్టం.

బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, కొలిపిస్తే తెలిసిపోదా అంటావేమో. తెలియదు. టీఆర్‌ది 83 మిల్లీమీటర్ల బోరు, 1991 సీసీ. వాన్‌గార్డ్‌ది 85, 2088 సీసీ. స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, రెండింటికీ 92. కానీ రెండింట్లోనూ ఉన్నవి వెట్ లైనర్లు, అంటే బ్లాకులోకి విడిగా దించిన సిలిండరు గొట్టాలు, ఊడదీసి వేరే సైజువి దించేయొచ్చు. తర్వాతి మోడల్ టీఆర్4 వాడిన 86 లైనర్లు వేసుకున్న టీఆర్3లు ఎన్నో ఉన్నాయి. అందుకని బోరు చూపించి ఎవరేం చెప్పినా నమ్మకు.

నంబరు చూడు. బ్లాకుకి ఎడమవైపు పంచింగ్ ఉంటుంది, డ్రైవరు సీట్లో కూర్చున్నప్పటి ఎడమ. ఇంగ్లీషు TS అక్షరాలతో మొదలై, అంకెలు, చివర E అక్షరం. మొదట్లో టీఎస్ కాకుండా ఇంకేదైనా ఉంటే అది ఈ బండితో పుట్టిన ఇంజను కాదు, అక్కడితో ఆ వాదన ముగిసింది. కారుకి మరో నంబరు ఉంటుంది, దాన్ని కమిషన్ నంబరు అంటారు. బానెట్ తెరిస్తే వెనక రేకు గోడ మీది ప్లేటులో కనిపిస్తుంది. అదీ టీఎస్‌తోనే మొదలవుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, రెండూ ఒకే నంబరు అయివుండాలనుకుంటారు. అలా ఉండవు. ఫ్యాక్టరీలో ఇంజన్ల లెక్క వేరు, కార్ల లెక్క వేరు, కాబట్టి దగ్గర దగ్గరగా ఉంటాయి గానీ ఒకటిగా ఉండవు. ఈ రెండూ అంకె అంకె కలిశాయని ఆయన గొప్పగా చూపిస్తే, నాకైతే అప్పుడే అనుమానం పెరుగుతుంది. కమిషన్ నంబరు చివర L అక్షరం ఉందేమో కూడా చూడు. ఉంటే ఎడమ స్టీరింగుతో పుట్టిన బండి, ఆ కథ కూడా అడగాలి.

నంబరు దగ్గర మురికి ఉంటే కిరసనాయిలు, మెత్తటి ఇత్తడి బ్రష్షు చాలు. ఉప్పు కాగితం, గ్రైండరు దగ్గరికి రానివ్వకు. టార్చి పక్కనుంచి ఏటవాలుగా వెయ్యి. ఆరోజుల్లో చేత్తో కొట్టిన అక్షరాలు కాబట్టి కాస్త వంకరగా ఉండటం సహజం. చుట్టూ నల్లబడి, నంబరున్న చోట మాత్రం ఇనుము తెల్లగా మెరుస్తున్నా, ఆ చోటు పక్కకంటే పల్లంగా ఉన్నా, అరగదీసి కొత్తగా కొట్టారన్నమాట. బ్లాకు మీద పోత పోసిన తేదీ ఉబ్బెత్తు అంకెల్లో ఉందేమో వెతుకు. అది కారు తయారీ కంటే కొద్ది నెలలు ముందుండాలి. ఏళ్ల ముందుదైతే వాన్‌గార్డ్‌ని తలుచుకో, తర్వాతిదైతే మార్చిన బ్లాకని ఖాయం.

వీటన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇంగ్లండులో ఉంది. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో టీఆర్‌ల ఫ్యాక్టరీ రికార్డులు భద్రంగా ఉన్నాయి. ఫీజు కడితే హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు ఏ ఇంజను ఉంది, ఎప్పుడు తయారైంది, ఏ రంగు, ఎక్కడికి పంపారు అన్నీ అందులో వస్తాయి. ఖర్చు నువ్వే పెట్టుకుని ఓనరు చేత అడిగించు. ఆయన వద్దంటే ఎందుకు వద్దన్నాడో ఆలోచించు. పాత ఆర్‌సీ బుక్కు కూడా అడుగు, కొత్త కార్డు కాదు. ఇంజను మార్పు ఆర్‌టీఓలో చెప్పి చేసుంటే అందులో కొట్టివేత, ముద్ర కనిపిస్తాయి.

ఇదంతా సరదా కోసం కాదు. యాభై ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషను, VA అక్షరాలుండే ఆ ప్రత్యేక నంబరు, కావాలంటే చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలని రూలు. ఫీజే 20,000.

వాన్‌గార్డ్ బ్లాకని తేలితే బండి వదిలేయమని చెప్పను. నడపడానికి అది మొండి ఇంజను, భయం లేదు. ఒరిజినల్ రేటు మాత్రం ఇవ్వకు. ఆదివారం వెళ్లినప్పుడు నంబర్ల ఫోటోలు దగ్గరగా తీసి పంపు, నేను చూసేదాకా అడ్వాన్సు చేతిలో పెట్టకు. అక్కని అడిగానని చెప్పు.

మామయ్య,
చెన్నై