హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ వికటిస్తే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తుంటాను. 14 నెలల క్రితం హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నాను. 2,500 గ్రాఫ్టులు (వెనక తల నుంచి తీసి ముందు నాటే వెంట్రుకల కుదుళ్లు) అని చెప్పి 95,000 రూపాయలు తీసుకున్నారు. నుదుటి పైన అక్కడక్కడా నాలుగు వెంట్రుకలు మొలిచాయి. వెనక తల మాత్రం పురుగు కొట్టిన ఆకులా అయిపోయింది. డాక్టరు గారు పెన్నుతో గీత గీసి వెళ్లిపోయారు, మిగతాదంతా టెక్నీషియన్లే చేశారు. అడిగితే ‘సంతకం పెట్టారు కదండీ’ అంటున్నారు. కావాలంటే ఇంకోసారి ఉచితంగా చేస్తామంటున్నారు. కేసు వేయాలంటే హైదరాబాద్‌లోనే వేయాలట. ఈఎంఐ ఇంకా కడుతూనే ఉన్నాను. ఇప్పుడు మా తమ్ముడు కూడా వేరే చోట చేయించుకుంటానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: జుట్టు మొలవలేదు అన్న ఒక్క మాట మీద కేసు వేస్తే అది బలహీనమైన కేసు. డాక్టరు చేయాల్సిన పని డాక్టరు చేయలేదనో, చెప్పినన్ని గ్రాఫ్టులు పెట్టలేదనో, మీకు తెలియాల్సింది ముందే చెప్పలేదనో చూపగలిగితే గట్టి కేసు. వైద్యం ఫలించకపోవడం, వైద్యంలో నిర్లక్ష్యం చట్టం దృష్టిలో ఒకటి కావు. సగటు నైపుణ్యమున్న వైద్యుడు తీసుకునే జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే కొలత అని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది.

ముందు గడువు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలి. ఆ కారణం ఆపరేషన్ రోజున పుట్టిందా, జుట్టు రాదని తేలిన రోజున పుట్టిందా అని అవతలి వకీలు వాదన పెడతారు. ఆ వాదనకు చోటివ్వకండి. ఆపరేషన్ తేదీ నుంచే లెక్క వేసుకోండి. అంటే మీ చేతిలో పది నెలలుంది. ఈలోగా క్లినిక్‌తో ఎన్ని ఉత్తరాలు నడిచినా గడువు పెరుగుతుందని అనుకోవద్దు. ‘ఇంకో మూడు నెలలు చూద్దామండీ’ అనే తియ్యటి మాటతో గడువు దాటబెట్టించడం మామూలే.

ఇక ‘ఆగండి’ అనే మాట మీకు వర్తిస్తుందా? నాటిన వెంట్రుకలు రెండు నుంచి ఆరు వారాల్లోపు చాలావరకు రాలిపోతాయి. కుదురు చర్మం లోపలే ఉంటుంది కాబట్టి అది వైఫల్యం కాదు. మూడు నాలుగు నెలలకు కొత్త మొలక కనిపిస్తుంది. ముందు భాగంలో ఏడాదికి ఫలితం దాదాపు తేలిపోతుంది. నడినెత్తిలో మాత్రం ఏడాదిన్నర పట్టవచ్చు. ఆరో నెలలో ఈ ప్రశ్న వచ్చి ఉంటే ఆగమనే చెప్పాల్సి వచ్చేది. ముందు భాగానికి 14 నెలలు నిండాక ఆగాల్సిన పని లేదు.

ఎందుకు విఫలమైందో తెలిస్తేనే ఎవరిది తప్పో తెలుస్తుంది. డెల్టాలో ఊడ్పులు చూసినవారికి ఇది చెప్పడం తేలిక. నారు పీకేటప్పుడు వేరు తెగినా, పీకిన నారు గట్టు మీద ఎండినా చేను నిలవదు. గ్రాఫ్టు కూడా అంతే. కుదురును చుట్టూ కోసి తీసే పంచ్ సూది, సాధారణంగా 0.8 నుంచి 1 మిల్లీమీటరుది, వెంట్రుక వాలు ప్రకారం దిగకపోతే కుదురు మధ్యలో తెగిపోతుంది. తీసిన గ్రాఫ్టును చల్లటి సెలైన్‌లో గానీ అందుకోసం తయారైన ద్రావణంలో గానీ తడిగా ఉంచాలి. గాజుగుడ్డ మీద కాసేపు ఆరినా చాలు, చచ్చిపోతుంది. ఒత్తుగా కనిపించాలని చదరపు సెంటీమీటరుకు మోతాదుకు మించి గుచ్చితే రక్తం అందక ఆ చోటే దెబ్బతింటుంది. వెనక తల నారుమడి ఒక్కటే ఉంటుంది, ఒకసారి తీసిన గ్రాఫ్టు చోట మళ్లీ మొలవదు. అందుకే ఒకే చోట ఎక్కువ తీస్తే మీరు చెప్పిన పురుగు కొట్టిన ఆకు తయారవుతుంది.

ఇవి క్లినిక్ వైపు తప్పులు. ఎవరి తప్పూ కానివి కూడా ఉన్నాయి. నాటిన జుట్టు నిలిచినా దాని మధ్యలో ఉన్న పాత జుట్టు వంశపారంపర్య బట్టతల వల్ల రాలుతూనే ఉంటుంది. మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ లాంటి మందులు రాసిచ్చినా మానేస్తే ఫలితం పలచబడుతుంది. మొదటి పది రోజుల్లో గీరడం, పొగతాగడం, గట్టి హెల్మెట్, ఎండలో చెరువు గట్టు పని కూడా దెబ్బ తీస్తాయి. మీరు చెరువులు చేస్తారని వాళ్లకు తెలుసు కాబట్టి అవతలి జవాబులో మొదటి పేరా దీని మీదే ఉంటుందనుకోండి. ఆ పది రోజుల్లో తీసిన ఫోటోలు, తల కడుక్కోవడానికి క్లినిక్‌కు వెళ్లిన తేదీలు, మందుల బిల్లులు వెతికి పెట్టుకోండి.

మీ కేసుకు ప్రాణం లాంటి లెక్క ఒకటి ఉంది. ఒక గ్రాఫ్టులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి, సగటున రెండు. అంటే 2,500 గ్రాఫ్టులంటే సుమారు 5,000 వెంట్రుకలు. కొన్నిచోట్ల వెంట్రుకలను లెక్కపెట్టి గ్రాఫ్టులని బిల్లు వేస్తారు. అలా వేస్తే 2,500 అన్నది నిజానికి 1,250 చుట్టూ ఉంటుంది. పలచటి ప్లాస్టిక్ కవరును నాటిన చోట పరిచి అంచు గీసి, గ్రాఫ్ కాగితం మీద పెట్టి గళ్లు లెక్కపెడితే విస్తీర్ణం వస్తుంది. 60 చదరపు సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. చెప్పినన్నీ పెట్టి ఉంటే చదరపు సెంటీమీటరుకు 41 దాకా ఉండాలి.

తర్వాత వెనక తలను చిన్నగా కత్తిరించి చర్మవ్యాధుల వైద్యుడి చేత డెర్మోస్కోపుతో (చర్మాన్ని పెద్దదిగా చూపే పరికరం), స్కేలు పెట్టి, మూడు నాలుగు చోట్ల ఫోటోలు తీయించండి. తీసిన ప్రతి గ్రాఫ్టుకూ చిన్న తెల్లచుక్క మిగులుతుంది. చుక్కలు తక్కువ, ముందు మొలకా తక్కువ అయితే అసలు అన్ని గ్రాఫ్టులు తీయనే లేదు. అది లెక్కలో మోసం, రుజువు చేయడం తేలిక. చుక్కలు బోలెడు ఉండి ముందు మొలక లేకపోతే తీసినవి తెగిపోయాయో ఎండిపోయాయో అన్నమాట. మీరు చెప్పిన వెనక తల తీరు చూస్తే రెండోదే అనిపిస్తోంది. దానికి వైద్యుడి అభిప్రాయం రాతపూర్వకంగా కావాలి. కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించి ఓపీ చీటీ మీద చూసినది చూసినట్టు రాయించుకోండి. ఎవరినీ నిందించమని డాక్టరును అడగవద్దు. చెప్పినా రాయరు, అవసరమూ లేదు. అలాగే అలోపీషియా ఏరియేటా, లైకెన్ ప్లానోపిలారిస్ లాంటి జుట్టు ఊడగొట్టే జబ్బు గానీ, తలంతా ఒకేలా పలచబడే రకం గానీ మీకు ఉందేమో అడగండి. ఉంటే మీకు ఆపరేషన్ చేయడమే పొరపాటు, చర్మం చూడకుండానే బేరం కుదుర్చుకున్నారని అర్థం.

డాక్టరు గీత గీసి వెళ్లిపోవడం అన్నింటికంటే పెద్ద పాయింటు. జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) సెప్టెంబరు 2022లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ తగిన శిక్షణ ఉన్న అర్హుడైన వైద్యుడు చేయాల్సిన శస్త్రచికిత్స. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కాదని అందులో సూటిగానే ఉంది. టెక్నీషియన్ సహాయం చేయవచ్చు, ఆపరేషన్ తన చేతిలోకి తీసుకోకూడదు. ఈ అంశానికి నిపుణుడి సాక్ష్యం కూడా అక్కర్లేదు. ప్రతి వైద్య కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో వి. కిషన్ రావు కేసులో తేల్చింది.

రుజువు ఎక్కడుంటుంది? వాళ్ల దగ్గరే. మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల ప్రకారం వైద్యుడు రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కాబట్టి మొదటి అడుగు లీగల్ నోటీసు కాదు, రికార్డుల కోసం ఒక పేజీ ఉత్తరం. నోటీసు ముందు వెళితే కాగితాలు ‘సరిదిద్దుకోవడానికి’ వాళ్లకు సమయం ఇచ్చినట్టవుతుంది. కేస్ షీట్, సమ్మతి పత్రం, ఆపరేషన్ నోట్సు, గ్రాఫ్టుల లెక్క రాసిన కాగితం, మత్తుమందు ఏది ఎంత ఇచ్చారో, ఆపరేషన్‌కు ముందు వెనక ఫోటోలు, థియేటర్‌లో ఉన్న డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, అన్నీ విడివిడిగా పేరు పెట్టి అడగండి. ఈమెయిల్ చేసి, అదే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఇవ్వకపోతే అదీ మీకు లాభమే. ఇవ్వలేదన్నదే ఫిర్యాదులో ఒక సేవాలోపం.

బిల్లు ఒకసారి తీసి చూడండి. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నా, పుట్టుకతో వచ్చిన లోపానికో గాయానికో చేసినది అయితే తప్ప హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు అది వర్తించదు. 18 శాతం కట్టాలి. పన్ను లేని తెల్లచీటీ ఇచ్చారంటే వాళ్ల లెక్కలు ఎంత శుభ్రంగా ఉన్నాయో వినియోగదారుల కమిషన్‌కు వేరే చెప్పక్కర్లేదు. మీరు డబ్బు ఇచ్చినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు, ఈఎంఐ కాగితం చాలు. వాట్సాప్ సంభాషణ, ‘గ్యారంటీ’ అన్న ప్రకటన ఉంటే ఫోన్ మార్చకుండా దాచండి. స్క్రీన్‌షాట్లు వేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి.

‘సంతకం పెట్టారు కదా’ అన్నదానికి జవాబు ఇది. సమ్మతి పత్రంలో ఉన్న నష్టభయాలకు మీరు ఒప్పుకున్నారు తప్ప నిర్లక్ష్యానికి కాదు. డాక్టరు చేస్తారని ఒప్పుకుని టెక్నీషియన్ చేతికి అప్పగిస్తే ఆ సమ్మతే వేరు. రోగికి అర్థమయ్యేలా, నిర్ణయించుకోవడానికి సరిపడా వివరం చెప్పి తీసుకున్నదే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తల గుండు గీసి, డబ్బు కట్టించుకున్నాక, ఇంగ్లీషు కాగితాల మీద పెట్టించిన సంతకమైతే ఆ సంగతి ఫిర్యాదులో గంటలు, నిమిషాలతో సహా రాయండి.

హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34(2)(డి) ప్రకారం మీరు నివసించే చోట లేదా పనిచేసే చోట అధికారమున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ వేరు జిల్లా అయింది కాబట్టి మీ మండలం ఏ కమిషన్ కిందకు వస్తుందో ముందుగా అడిగి తెలుసుకోండి. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషనే, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు సున్నా. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. వకీళ్ల సేవలు రావని 2024లో అదే సుప్రీంకోర్టు అన్నది, కాబట్టి మీ వకీలును జాగ్రత్తగా చూసి పెట్టుకోండి! క్లినిక్‌నూ డాక్టరునూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. నోటీసు అందాక వాళ్లు 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ పైన ఒక్క రోజు కూడా ఇవ్వడానికి కమిషన్‌కు వీల్లేదు. కట్టిన సొమ్ము, దాని మీద కట్టిన వడ్డీ, సరిదిద్దడానికి అయ్యే ఖర్చుకు మరో వైద్యుడి అంచనా, మనోవేదన, వీటికి విడివిడిగా అంకెలు వేయండి. కోటి రూపాయలు రాస్తే ఎవరూ నమ్మరు.

ఉచిత సెషన్‌కు ఒప్పుకోకండి. మీ వెనక తలలో మిగిలిన నారు ఎంతో తెలియకుండా అదే చేతుల్లో మళ్లీ పెట్టడం తెలివైన పని కాదు. పైగా ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. అది పెడితే కేసు అక్కడితో ముగుస్తుంది.

పోలీసు కేసు వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం కావాలి. ముందు ప్రభుత్వ వైద్యుడి అభిప్రాయం తీసుకోమని జాకబ్ మాథ్యూ తీర్పే చెబుతోంది. కానీ ఆ ‘డాక్టరు’కు రిజిస్ట్రేషనే లేదని తేలితే సంగతి వేరు. ఎన్‌ఎంసీ చట్టం 2019 సెక్షన్ 34 కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. రిజిస్ట్రేషన్ ఉంటే ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ డబ్బు రాదు, లైసెన్సుపై చర్య మాత్రమే.

ఈఎంఐ ఆపవద్దు. అప్పు ఇచ్చిన సంస్థతో మీ ఒప్పందం వేరు. ఆపితే సిబిల్ స్కోరు పోతుంది, రేపు మేత కొనడానికి అప్పు పుట్టదు.

మీ తమ్ముడి విషయం. 25 ఏళ్లలోపు అయితే ఆగమనండి. బట్టతల ఎక్కడ దాకా పోతుందో ఆ వయసులో తేలదు. పైబడితే, క్లినిక్‌ను కాదు డాక్టరును ఎంచుకోమనండి. చర్మవ్యాధుల లేదా ప్లాస్టిక్ సర్జరీ పీజీ ఉందో లేదో కౌన్సిల్ రిజిస్టర్‌లో చూడాలి. చీరేది ఎవరు, తీసేది ఎవరు, నాటేది ఎవరు, ఆ రోజు ఆ డాక్టరుకు ఇంకెన్ని ఆపరేషన్లున్నాయి, గ్రాఫ్టులు ఎన్ని, ఒకటి రెండు మూడు వెంట్రుకలవి విడిగా ఎన్ని, ఇవన్నీ వాట్సాప్‌లో అడిగి రాతలో జవాబు తీసుకోవాలి. షుగరు, రక్తం, ఈసీజీ, హెపటైటిస్ పరీక్షలు అడగని చోట కూర్చోకూడదు. లిగ్నోకెయిన్ మత్తు ఎక్కువైతే ప్రాణాపాయం, అడ్రినలిన్ కలిపినా కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు దాటకూడదు. సమ్మతి పత్రం ఒక రోజు ముందే ఇంటికి తెచ్చుకుని చదవాలి.

ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే, ఈ ప్రశ్నలకు జవాబు రాకపోవడాన్నే కారణంగా రాసి, తేదీతో రద్దు మెసేజ్ పెట్టి, సొమ్ము తిరిగి ఇవ్వమని అడగమనండి. ‘అడ్వాన్సు వాపసు లేదు’ అని రసీదు వెనక అచ్చు వేసి ఉన్నా వెనకాడవద్దు. చేయని సేవకు డబ్బు అట్టేపెట్టుకోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని వాదించవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే చాలాసార్లు అక్కడే తెమిలిపోతుంది.