భయం మీది, ఫీజు మీద నెట్టకండి

ప్రశ్న: మాది ముక్తేశ్వరం దగ్గర లంక గ్రామం. కొబ్బరి తోట, కొంత వరి ఉన్నాయి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. గోడకు కల్పనా చావ్లా బొమ్మ అంటించుకుని, చదివితే ఏరోస్పేస్ ఇంజినీరింగే చదువుతానంటోంది. జేఈఈలో మంచి ర్యాంకు రాలేదు. దేవుడే ఆపాడని లోపల సంతోషించాను. మళ్లీ రాస్తానంటే, ఫీజు కట్టలేనని చెప్పాను. నిజానికి డబ్బుకు ఇబ్బంది లేదు. కల్పన ఏమైందో ఆ రోజు టీవీలో చూశాను. మా తమ్ముడు వరదలో నావ తిరగబడి పోయాడు. ఏటా గోదావరికి ఎర్రనీరు రాగానే నాకు నిద్ర పట్టదు. బిడ్డ ఆకాశంలోకి వెళతానంటే ఎలా ఒప్పుకోమంటారు?
– ఒక తండ్రి, కోనసీమ

జవాబు: తమ్ముడి గురించి మీరు రాసింది ఒక్క వాక్యమే. మిగతా ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. ఫీజు అని చెప్పినంత కాలం అమ్మాయి ఫీజుకే దారి వెతుకుతుంది. రేపు బ్యాంకు రుణం కాగితాలు తెచ్చి మీ ముందు పెడుతుంది. అప్పుడు మీరు ఇంకో సాకు వెతుక్కోవాలి. ఇలా నాలుగుసార్లు జరిగాక, నాన్నకు నా మీద నమ్మకం లేదని ఆమె తేల్చుకుంటుంది. ఆ మాట ఒకసారి మనసులో పడితే తీయడం కష్టం.

ఇక కల్పన సంగతి. మీరు చివరి రోజునే చూశారు. హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన ఆ అమ్మాయి చండీగఢ్‌లో 1982లో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసింది. అమెరికా వెళ్లి 1988లో డాక్టరేట్ తీసుకుంది. కొన్నేళ్లు నాసాలో పరిశోధన చేశాక, 1994లో వ్యోమగామిగా ఎంపికైంది. మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్లింది 1997 నవంబరులో. అంటే, కాలేజీ వదిలిన పదిహేనేళ్లకు. మీ అమ్మాయి ఇప్పుడు అడుగుతున్నది కాలేజీ సీటు. పదిహేనేళ్ల తర్వాత వస్తుందో రాదో తెలియని ప్రమాదానికి భయపడి, ఈ ఏడాది చదువు ఆపుతున్నారు మీరు. ఆ చదువు చదివినవాళ్లలో చాలామంది బెంగళూరులోనో తిరువనంతపురంలోనో శ్రీహరికోటలోనో నేల మీదే ఉద్యోగం చేసుకుంటారు. మీ అమ్మాయి వ్యోమగామి కానే కాదని మాత్రం మీకు ధైర్యం చెప్పను. కావచ్చు కూడా.

2003 ఫిబ్రవరి 1న కల్పన తిరిగి వస్తున్న కొలంబియా అంతరిక్ష నౌక కూలడానికి కారణం తెలిసిందే. బయలుదేరేటప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన గట్టి ఫోమ్ ముక్క ఎడమ రెక్కకు తగిలి దాన్ని దెబ్బతీసింది. తిరుగు ప్రయాణంలో అక్కడి నుంచే వేడి వాయువులు లోపలికి చొరబడ్డాయి. చనిపోయిన ఏడుగురిలో అయిదుగురు మగవాళ్లు. వాళ్లను చూపించి మగపిల్లవాడిని ఇంజినీరింగ్ మాన్పించిన తండ్రి ఇంతవరకు నాకు తారసపడలేదు.

ర్యాంకు రాలేదని సంతోషించానని నిజాయితీగా రాశారు. కాబట్టి ఈ మాట కూడా వినండి. 1997 ప్రయాణంలో స్పార్టన్ అనే ఉపగ్రహాన్ని నౌక నుంచి వదిలే పని కల్పనది. అది సరిగా పనిచేయలేదు. యంత్రపు చేయితో తిరిగి పట్టుకోబోతే అదుపు తప్పి గిరగిరా తిరిగింది. చివరికి తోటి వ్యోమగాములు ఇద్దరు నౌక బయటికి వెళ్లి చేతులతో పట్టుకున్నారు. మొదట వేళ్లన్నీ ఆమె వైపే చూపించాయి. విచారణలో తేలిందేమిటంటే, తప్పు ఆమె ఒక్కతెది కాదు, సాఫ్ట్‌వేర్‌లోనూ పని పద్ధతుల్లోనూ లోపాలున్నాయి. తర్వాత ఆమెను రెండో ప్రయాణానికి ఎంపిక చేశారు. మీ అమ్మాయి బొమ్మ అంటించుకున్నది ఇదంతా తెలిసి కూడా అయి ఉండవచ్చు. ఒకసారి అడిగి చూడండి, మీకంటే ఎక్కువే చెబుతుంది.

ఇంకొకటి. 2002 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి మన వాతావరణ ఉపగ్రహం ఒకటి వెళ్లింది. కల్పన పోయాక దానికి కల్పన-1 అని పేరు పెట్టారు. ఏళ్ల తరబడి అది మేఘాల చిత్రాలు పంపింది. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా నేలకూలాయో మీకు నేను చెప్పనక్కరలేదు. తుపాను ఎటు వస్తోందో ముందుగా తెలిసి, నావలు ఒడ్డున కట్టేసుకోవడం వెనుక ఇలాంటి ఉపగ్రహాలు, వాటిని తయారుచేసిన ఇంజినీర్లు ఉన్నారు. నావ సంగతి మీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఇంట్లో అందరి ముందూ వద్దు. అమ్మాయిని గట్టు మీదికి తీసుకెళ్లి, డబ్బు ఉందని, ఫీజు మాట అబద్ధమని ముందు చెప్పండి. తర్వాత బాబాయి ఎలా పోయాడో చెప్పండి. ఆమెకు పూర్తిగా తెలిసి ఉండదు. పెద్దలు పిల్లల ముందు ఆ ప్రస్తావన తీసుకురారు. మాట మధ్యలో ఏడుపు వస్తే రానివ్వండి. 'అందుకే నువ్వు వెళ్లొద్దు' అని మాత్రం చివర తగిలించకండి. తమ్ముడి మరణాన్ని కూతురి మీద ఒట్టుగా వాడుకోవడం ఇద్దరికీ అన్యాయం.

చదువు విషయంలో షరతు పెట్టే హక్కు మీకు ఉంది. ఇంకొక్క ఏడాది జేఈఈకి చదవనివ్వండి. అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థలో సీటుకు ప్రయత్నించవచ్చు. అది రాకపోతే మెకానికల్‌లో చేరాలని ఇప్పుడే మాట్లాడుకోండి. ఆ దారిలో వెళ్లినా అంతరిక్ష రంగం తలుపులు మూసుకుపోవు.

మీ నిద్ర సంగతి దీనికి ముడిపెట్టకుండా విడిగా చూసుకోండి. ఏటా వరదల కాలమంతా నిద్ర లేకుండా గడపడం అలవాటుగా వదిలేసే విషయం కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ 14416 నంబరుకు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. మందు అవసరమైతే కాకినాడలో మానసిక వైద్యులున్నారు. ఎర్రనీరు వచ్చేదాకా ఆగకండి.